పేషీ పెరిగిన పని తరుగును

ఎంతటి సమర్థుడైనను అధికారి యొక్కడే సర్వమును చూడజాలడు. ఆయనకు మరికొన్ని కన్నులు, మరికొన్ని చెవులు, మరికొన్ని చేతులు కావలయును. ఇది లోకమెరిగిన సత్యము. అట్లు చేరిన సహాయకులే కొంతకాలమునకు అధికారికిని లోకమునకును నడుమ గోడయై నిలుచుటయు లోకమెరిగినదే. మంత్రుల పేషీలను గూర్చియు, సచివాలయపు పేషీలను గూర్చియు మన ప్రజలకు చాలినంత యనుభవము కలదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఊరక పుట్టలేదు. ఆ పాత జాడ్యమే నేడు కంప్యూటరు శాఖల యధిపతుల కచేరీలలో క్రొత్త పేర్లతో వ్యాపించుచున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలచుచున్నాము.

ఇది యేదో కంపెనీవారి యింటిగొడవ, మనకేల యని మా పాఠకులలో గొందరనుకొనవచ్చును. అట్లనుకొనుట పొరపాటు. బ్యాంకులోని మన పైకము, రైలు టిక్కెట్టు, పిల్లల పరీక్షాఫలితములు, పొలము పట్టా, ఆసుపత్రిలోని మన రోగవృత్తాంతము, ఇవన్నియు నేడు కంప్యూటరులలో నున్నవి. ఆ యంత్రములను నడుపు శాఖకు సంస్థలలో చీఫ్ ఇన్‌ఫర్మేషన్ ఆఫీసరు, అనగా సి.ఐ.ఓ. యను నధికారి పెద్ద. ప్రభుత్వమునందు ఆ భారము ఐ.టి. కార్యదర్శి మీదనో డైరెక్టరు మీదనో పడును. ఆ పెద్ద సకాలమున నిజము విని సకాలమున తీర్మానము చేసినచో లక్షలకొలది జనుల పని సాగును. ఆలస్యమైనచో ఆ జనులే కిటికీయొద్ద వరుసలో నిలువబడి, సర్వరు పనిచేయుటలేదను మాట విని తిరిగిపోవలసి వచ్చును. పైగా నీ వృత్తి మన తెలుగువారికి పరాయిది గాదు. 1998 నవంబరులో హైదరాబాదు మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి యెన్ని కుటుంబముల జీవనము దీనితో ముడిపడినదో వేరుగ చెప్పనక్కరలేదు. పెద్దగదిలో జరుగు తప్పునకు రాత్రులు మేల్కొని వెల చెల్లించువారిలో మన పిల్లలు చాలమంది యున్నారు.

పేషీ యొక్కనాటిలో పెరుగదు. మొదట అధికారి దినచర్యను సర్దిపెట్టు నొక సహాయకురాలుండును. ఆమె లేనిదే పని జరుగదు; ఆమె పని యేమో అందరికిని తెలియును. తరువాత "చీఫ్ ఆఫ్ స్టాఫ్" అను నొక ప్రధానుడు వచ్చును. ఆయనకు వివరములు సేకరించుట కొక విశ్లేషకుడు కావలయును. సేకరించిన దానిని పటములుగను, రంగుల గీతలుగను దిద్దుట కింకొకడు కావలయును. శాఖ చేసిన ఘనకార్యములను సంస్థలో చాటుట కొకడు, వ్యూహమను పేర నొకడు, పరివర్తన మను పేర మరియొకడు చేరుదురు. తుదకు వీరందరి మీటింగులను గుర్తుంచుకొనుటకు వేరొక సహాయకుని నియమింపవలసివచ్చును. పూర్వము జమీందారీ కచేరీలలో దివానునకొక పేష్కారు, పేష్కారునకొక గుమాస్తా, గుమాస్తాకొక బంట్రోతు ఏర్పడిన విధ మిదియే. జమీ పెరుగలేదు, శిస్తు పెరుగలేదు, కచేరీ మాత్రము పెరిగినది. ఇందులో నెవ్వరును దుర్మార్గులు గారు. ప్రతివాడును ప్రొద్దున వచ్చి రాత్రి పోవు కష్టజీవియే. దోషము మనుష్యులలో లేదు, ఏర్పాటులో నున్నది.

ఈ సంగతిని అంకెలతో లోకమునకు జూపినవాడు నార్త్‌కోట్ పార్కిన్సన్ అను నాంగ్లేయ చరిత్రకారుడు. 1955లో లండనునందలి ఎకనమిస్ట్ పత్రికలో ప్రకటింపబడిన ఆయన వ్యాసము హాస్యధోరణిలో నున్నను, అందలి లెక్కలు నవ్వి విడిచిపెట్టదగినవి గావు. 1914లో బ్రిటిషు నౌకాదళమునకు పెద్ద యుద్ధనౌకలు 62 ఉండెను. 1928 నాటికి 20 మిగిలెను. ఆ కాలముననే నౌకాశాఖ ప్రధాన కచేరీలోని యుద్యోగులు 2,000 నుండి 3,569కి పెరిగిరి. మనవారికి మరింత బోధపడదగిన యుదాహరణము వలసరాజ్యముల శాఖది. 1935లో ఆ శాఖలో 372 మంది యుద్యోగులుండిరి. 1948లో సింహళమును పాలస్తీనాయు ఆ శాఖ చేతినుండి జారిపోయినవి. ఐనను 1954 నాటికి ఆ కచేరీలో 1,661 మంది యుండిరి. ఏలుటకు దేశములు తగ్గినకొలది ఏలువారి గుమాస్తాలు పెరిగిరన్నమాట! ఇందుకు పార్కిన్సన్ చూపిన కారణములు రెండు. అధికారి తనక్రిందివారి సంఖ్యను పెంచుకొనగోరునే గాని తనతో సమానుడగు పోటీదారుని గోరడు. చేరిన యుద్యోగులు ఒకరికొకరు పని కల్పించుకొందురు. పరాయిప్రభుత్వపు కచేరీలలోని యీ దుర్గుణమును తిట్టి, దానినే మన క్రొత్త కచేరీలలో నాటుకొనుట మనకు తగునా?

కంప్యూటరు వృత్తిలోనే పుట్టిన ప్రమాణ మింకొకటి కలదు. ఐ.బి.ఎం. కంపెనీవారు 1964లో ప్రకటించిన సిస్టం 360 అను యంత్రములకు కావలసిన ప్రధాన సాఫ్టువేరు నిర్మాణమును నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, తన యనుభవమును 1975లో నొక గ్రంథముగా వెలువరించెను. ఆలస్యమైన పనికి క్రొత్తవారిని చేర్చినచో నది మరింత యాలస్యమగునని ఆయన తేల్చెను. కారణము సులభమైన గణితము. ఇద్దరున్నచోట మాటల దారి యొక్కటి. నలుగురున్నచో ఆరు దారులు. ఎనిమిదిమందియైనచో ఇరువది యెనిమిది. పండ్రెండుమందియైనచో అరువదియారు. మనుష్యులు మూడింతలైనప్పుడు సంప్రదింపులు పదునొకండింతలైనవి. ఆ యరువదియారు దారులలో ప్రతిదినము జరుగు ఉత్తర ప్రత్యుత్తరములే పేషీకి పనియై కూర్చుండును. అధికారికి సహాయముచేయుటకు పొద్దు చాలదు. పదిమందిలో పాము చావదని మన పెద్దలన్న దిదియే.

అదే గ్రంథమునందు బ్రూక్స్, హార్లన్ మిల్స్ అను నిపుణుని యాలోచన ననుసరించి, మరియొక సంగతియు జెప్పెను. సాఫ్టువేరు బృందము శస్త్రవైద్యుని బృందమువలె నుండవలెనట. కత్తి పట్టువాడొక్కడు, ఆయన స్థానమున నిలువగల సహచరుడొక్కడు, ధనము, మనుష్యులు, సామగ్రి చూచువాడొకడు, వ్రాత దిద్దువాడొకడు, పనిముట్లు సిద్ధపరచువాడొకడు, పరీక్షించువాడొకడు, ఇట్లు మొత్తము పదిమంది. ఈ పదిమందిలో ఇద్దరు కార్యదర్శులు తప్ప ఒకరి పని మరియొకరికి లేదు. చిన్నబృంద మనగా సహాయము లేని యొంటరితనము గాదని దీనివలన స్పష్టము. లెక్కకంటె ముఖ్యమైనది స్పష్టత. ఎవడెందులకున్నాడో యొక్కవాక్యములో చెప్పగలిగినంతవరకు బృందము బాగున్నది. చెప్పలేని దినమున చెడిపోయినది.

పేషీ పెరుగుటవలన కలుగు నష్టము జీతములతో ముగియదు. జీతము లందు స్వల్పభాగము. పేషీలోని ప్రతి క్రొత్తమనిషియు క్రిందివారి నొక క్రొత్త రిపోర్టు నడుగును. అడుగుటకు అరనిమిషము చాలును. వ్రాయుటకు అరదినము పట్టును. హైదరాబాదునందలి యనేక కచేరీలు అమెరికా, ఐరోపా దేశములలోని పెద్దలకు జవాబు చెప్పుకొనవలసినవి. మనకు సాయంకాలమైనప్పుడు అమెరికాలో తెల్లవారును. అక్కడి పేషీ మేల్కొని, రేపటి మీటింగునకు పది పటములు కావలెనని వ్రాయును. ఇక్కడ యంత్రమును బాగుచేయుచున్న యువకుడు ఆ పనిని నిలిపి, దానిని గూర్చిన బొమ్మలు గీయుచు అర్ధరాత్రి గడుపును. పని చేయువానికంటె పనిని గూర్చి చెప్పువాడు పెద్దయగుచున్నాడు. అందరు పల్లకి యెక్కినచో మోసెడి వారెవ్వరు?

ఇంతకంటె పెద్దనష్టము నిజము రంగు మారుట. ప్రాజెక్టుల స్థితిని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో చూపు నాచారము ఈ వృత్తిలో కలదు. పని చేయు బల్లయొద్ద ఎర్రగా నున్న సంగతి మేనేజరును చేరునప్పటికి పసుపువన్నె దాల్చును. పేషీలో దానిని "సమగ్రదృష్టితో" చూచెదరు. అధికారి మేజాపైకి వచ్చునప్పటికి అది చక్కని పచ్చదనముతో కన్నులపండువుగా నుండును. ఎవ్వరును అబద్ధమాడలేదు, ప్రతివాడును కొంచెము మెత్తపరచెను. గడపలు ఎన్ని యున్నవో మెత్తదనము అన్నిరెట్లగును.

ఇంగ్లండునందు టి.ఎస్.బి. అను బ్యాంకు 2018 ఏప్రిలులో సుమారు 52 లక్షల ఖాతాదారుల వివరములను పాత యంత్రములనుండి క్రొత్తవానికి మార్చెను. మార్చిన వెంటనే వ్యవస్థ తడబడెను. ఒకదశలో 19 లక్షలమంది వరకు తమ ఖాతాలను చూచుకొనజాలకపోయిరి. జీతములందవలసినవారు, అద్దె కట్టవలసినవారు అల్లాడిరి. 2022 డిసెంబరులో నియంత్రణాధికారులు ఆ బ్యాంకునకు 4 కోట్ల 86 లక్షల పౌనులకు పైగా జుల్మానా విధించిరి. అంతటితో ముగియలేదు. 2023 ఏప్రిలులో, ఆ మార్పు జరిగిన నాటి సి.ఐ.ఓ.కు ఆయన సొంత పేరనే 81,620 పౌనులు జుల్మానా పడెను. పనిని ఒప్పుకొన్న సరఫరా సంస్థ నిజముగా సిద్ధముగా నున్నదో లేదో బ్యాంకు చాలినంత రూఢి చేసికొనునట్లు ఆయన తగిన శ్రద్ధ వహింపలేదనునది అభియోగము. ఆయన పేషీ పెద్దదో చిన్నదో మాకు ప్రస్తుతము గాదు. కాగితముపైని హామీ చేతికి వచ్చినంతమాత్రమున బాధ్యత తీరదనియు, తప్పు జరిగిన నాడు కాగితము తెచ్చినవానిని గాక సంతకము చేసిన పెద్దనే లోకము నిలదీయుననియు ఇందలి నీతి. అట్టి పెద్దకు కాగితములను సర్దు పదిమందికంటె, స్వయముగా పోయి చూచి "సిద్ధముగా లేదు" అని ముఖాముఖి చెప్పు నొక్కడు మేలు.

మన దేశమున ఈ యవసరము చట్టముచేతనే బిగుసుకొన్నది. కంప్యూటరులపై దొంగల దాడులు మొదలగు సంఘటనలు కంటబడిన ఆరుగంటలలో తమకు తెలియజేయవలెనని భారతప్రభుత్వపు సర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిలు 28న నుత్తరువు చేసెను. ఆరుగంటల గడువులో ఆరు గడపలు దాటవలసిన వార్త యెప్పుడు పెద్దను చేరును? ఆయన యెప్పుడాలోచించును? ఎప్పుడుత్తరువిచ్చును? ఇంకొక సంగతియు గమనింపదగినది. అధికారి ఈమెయిలును తెరచుటకును, ఆయన పేర జవాబులు వ్రాయుటకును ఎందరికి హక్కున్నదో, దొంగకు అన్ని తలుపులున్నట్లే. పెద్దవాని పేర దొంగ యుత్తరము వ్రాసి పైకము పంపించుకొను మోసములు నేడు ప్రపంచమంతటను జరుగుచున్నవి. తాళపుచెవులు తక్కువచేతులలో నుండుటయే క్షేమము.

ఈ విషయమున మన పూర్వులకు స్పష్టమైన దృష్టి కలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రములో మంత్రాలోచనకు ముగ్గురో నలుగురో చాలునని నిర్ణయించెను. ఒక్కడే యైనచో వాని కడ్డులేదు. ఇద్దరైనచో కూడబలుకుకొందురు లేదా కలహింతురు. అంతకు మించినచో తీర్మానమును చేరుట కష్టము, రహస్యమును కాపాడుట కష్టము. ఇదియాయన తర్కము. దర్శనము దొరకని రాజుచేత చుట్టునున్నవారు కార్యమును అకార్యముగను, అకార్యమును కార్యముగను చేయింతురని కూడ ఆయన హెచ్చరించెను. కంప్యూటరు పుట్టుటకు రెండువేల యేండ్లకు పూర్వపు మాట యిది. సాధనములు మారెను గాని సింహాసనము చుట్టును మనుష్యుడు ప్రవర్తించు విధము మారలేదు.

దీనికి ప్రత్యక్షనిదర్శనము అమెరికాలో జరిగినది. ప్రజలు ఆరోగ్యభీమా కొనుటకై ఆ ప్రభుత్వము 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్.గవ్ అను వెబ్‌సైటును తెరచెను. యాబదికిపైగా కాంట్రాక్టు సంస్థలు దానికై పనిచేసినవి. మొదటి దినమున చేరగలిగినవారు ఆరుగురు. ఇన్ని సంస్థలు, ఇన్ని కచేరీలు ఉన్నను, మొత్తము పనికి తానే బాధ్యుడనని చెప్పదగిన స్పష్టమైన నాయకత్వము లేకపోయెనని ఆ శాఖ ఇన్‌స్పెక్టరు జనరలు 2016లో దెల్పెను. పని చక్కబెట్టుటకు ఆ యక్టోబరు చివర వచ్చి చేరినవారు కొలదిమంది యింజనీర్లు. వారు ప్రొద్దున నొకసారి, సాయంకాల మొకసారి అందరిని నిలువబెట్టి మాటలాడించిరి. వారి నియమములు మిక్కిలి సామాన్యములు: మీటింగు చిక్కు విప్పుటకే, పదవిలో పెద్దవాడు గాక సంగతి తెలిసినవాడు మాటలాడవలెను, రేపు, ఎల్లుండి ముంచబోవు దానిని ముందు చూడవలెను. డిసెంబరు నాటికి వెబ్‌సైటు చాలవరకు దారికి వచ్చినది. రాష్ట్రముల వెబ్‌సైట్లతో గలిపి 2014 వసంతమునకు 80 లక్షలమంది భీమా నెన్నుకొనిరి. పాత మనుష్యులలో ననేకులు అప్పుడును అక్కడనే యుండిరి. వారి నడుమనున్న తెరలు తొలగినవి, అంతే.

ఐ.టి. పెద్దపై భారము పెరిగినది, సహాయము పెంచక తప్పదని కొంద రనవచ్చును. భారము పెరిగినమాట నిజమే. దొంగలనుండి రక్షణ, 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, కృత్రిమ మేధ, కాంట్రాక్టుల లెక్కలు, ఇన్ని మీద పడినవి. ఐనను ఈ పనులకు శాఖలు వేరుగ నున్నవి. రక్షణకు రక్షణాధికారి, చట్టమునకు న్యాయశాఖ, లెక్కలకు ఖజానాశాఖ కలవు. ప్రతి శాఖకును పేషీలో నొక చిన్న ప్రతిబింబమును నిలుపుకొనుటచేతనే పేషీ ఉబ్బుచున్నది. అట్లు నిలిపినచో శాఖ పెద్ద నోరు మూతపడును, ప్రతిబింబము మాటలాడును. అవసరమైన నాడు అసలు మనిషిని పిలిచి యడుగుటయే మంచిది.

మా దృష్టిలో ఇట్టి పెద్దకు నలుగురు చాలుదురు. కాలమును కాచి, వచ్చువారిని పోవువారిని సర్దు సహాయకురా లొకరు. జరిగిన తీర్మానములను వ్రాసిపెట్టి, అవి అమలగువరకు వెంటబడువాడొకడు. పైకము, ఒప్పందములు చూచువాడొకడు. యంత్రముల లోగుట్టు తెలిసి, పెద్దతో నిర్భయముగా విభేదింపగల సాంకేతిక సహాయకుడొకడు. సంస్థ మిక్కిలి పెద్దదైనచో ఒకరిద్దరు హెచ్చవచ్చును. చిన్నదైనచో ఇద్దరే చాలుదురు. సంఖ్య వేదవాక్యము గాదు. ఐదవవానిని చేర్చుకొనునప్పుడు "ఈ పని ఎవరు చేయుచున్నారు, వారేల చేయలేకున్నారు" అను ప్రశ్నకు జవాబు చెప్పి చేర్చుకొనవలెనని మాత్రమే మా కోరిక.

ఆ నాలుగవవానిని గూర్చి యొకమాట. మైక్రోసాఫ్టు అధిపతి బిల్ గేట్సునకు సాంకేతిక సహాయకుడుగా నుండిన స్టీవెన్ సినాఫ్‌స్కీ 1994 ఫిబ్రవరిలో విద్యార్థులను ఉద్యోగములకు ఎన్నుకొను పనిమీద కార్నెల్ విశ్వవిద్యాలయమునకు బోయి, మంచుతుపానువలన అక్కడ చిక్కుకొనెను. ఆ తీరికలో విద్యార్థులు ఇంటర్నెట్టును నిత్యజీవితములో నెట్లు వాడుచున్నారో కన్నులార చూచి, తన పెద్దకును సహోద్యోగులకును వెంటనే వ్రాసెను. మరుసటి సంవత్సరము మే 26న గేట్సు, కంపెనీ దారినంతను ఇంటర్నెట్టు వైపునకు త్రిప్పు ప్రసిద్ధమైన లేఖను తనవారికి వ్రాసెను. ఒక్క యుత్తరమే దీనికంతకు కారణమని మే మనము. కాని మంచి సహాయకుని లక్షణ మిందు కనబడుచున్నది. ఆయన వచ్చిన రిపోర్టులను కూర్చి మరల రిపోర్టు చేయలేదు. పెద్ద చూడలేని చోటును తాను చూచి వచ్చెను. అట్లే అమెజాన్ సంస్థలో జెఫ్ బెజోసు వెంట కొంతకాలము సాంకేతిక సహాయకుడుగా నుండిన ఆండీ జాసీ తరువాత ఒక పెద్ద విభాగమును నిర్మించి, 2021 జూలైలో సంస్థకే అధిపతియాయెను. సహాయక పదవి మజిలీయే గాని మఠము గాదు. రెండేండ్లు పనిచేసి, నేర్చి, తిరిగి చేతిపనికి పోవు నేర్పాటున్నచోట పేషీకి మురికిపట్టదు, యువకులకు పాఠశాలయగును.

ఆచరణకై మేము సూచించునవి కొలదియే. ప్రతి పదవి పనిని ఒక్కవాక్యములో వ్రాసి శాఖలోని వారందరికిని తెలియజేయవలెను. పేషీ క్రొత్త రిపోర్టు నొకదాని నడిగినప్పుడు పాతదాని నొకదానిని మాన్పవలెను. చెడువార్త తెచ్చువానికి పేషీ యనుమతితో పనిలేకుండ పెద్దయొద్దకు దారి యుండవలెను. పెద్ద వారమున కొకమారైనను మధ్యవర్తులు లేకుండ పని చేయు బల్లలయొద్దకు పోయి కూర్చుండవలెను. ఏటేట ప్రతి పదవిని గూర్చి, ఇది మూడునెలలు ఖాళీగా నున్నచో ఎవ్వరికి లోటు తోచునని యడుగవలెను. దీనితోపాటు మరియొకటి మరువరాదు. ఒక్కరు జ్వరముతో మంచమెక్కినంతమాత్రమున స్తంభించు పేషీ కూడ దోషయుక్తమే. కావున ప్రతివాని పనిని రెండవవా డొకడెరిగియుండవలెను.

ఇక్కడ నొక హెచ్చరిక చేయక తీరదు. "పొదుపైన బృందము" అను మాటను కొందరు యజమానులు కత్తిగా వాడుచున్నారు. ముగ్గురి పనిని ఒక్కరి నెత్తిపై మోపి, ఇద్దరిని వీథిలోనికి నెట్టి, దానికి సంస్కారమని పేరు పెట్టుచున్నారు. మేము కోరునది యది గాదు. పనిని తగ్గింపక మనుష్యులను తగ్గించుట పొదుపు గాదు, పీడన. అధికారి దినచర్యను సర్దు సహాయకురాలికి రాత్రి పదిగంటలకు ఫోను, ఆదివారమునాడు ఈమెయిలు తప్పనిచోట పేషీ చిన్నదైనంతమాత్రమున గొప్పలేదు. ముందు అక్కరలేని రిపోర్టును, అక్కరలేని మీటింగును తీసివేయవలెను. అప్పుడు మిగిలిన మనుష్యులకు గౌరవప్రదమైన పని చూపవలెను. పేషీలోని చురుకైన యువకుని తిరిగి యంత్రమునొద్దకు పంపుట వానికి శిక్ష గాదు. వాని విద్యకు న్యాయము.

కృత్రిమ మేధ వచ్చినది, ఇక సహాయకులే యక్కరలేదని మరికొందరి వాదము. యంత్రము ఉత్తరమును సంగ్రహింపగలదు, మీటింగు సారమును వ్రాయగలదు. ఆ మేరకు చేతులు తగ్గవచ్చును. కాని పెద్ద నేడు తప్పక వినవలసిన యొక్కమాట యేదియో, ఎవనికంఠములో జంకు వినబడినదో తెలిసికొనుట మనుష్యుని పని. పైగా వ్రాయుట సులభమైనకొలది వ్రాతలు పెరుగును. నిన్న పది పుటల రిపోర్టు పంపినవాడు నేడు నలువది పుటలు పంపుచున్నాడు. దానిని చదువజాలక పెద్ద మరల యంత్రముచేత సంగ్రహింపజేయుచున్నాడు. ఇరువైపుల యంత్రములు మాటలాడుకొనుచుండగా నడుమ నిజము నిలువబడి చూచుచుండును.

కంపెనీలు తమ పైకము తాము వ్యయపరచుకొనునని యూరకుండవచ్చును. ప్రభుత్వశాఖల విషయమున ఊరకుండుటకు వీలులేదు. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును ప్రజల పనులను కంప్యూటరులకు అప్పగించినవి. మంచిదే. ఆ శాఖల పెద్దల పేషీలలో ఎందరున్నారు, ఎవరి పని యేమి, సలహాదారులను పేర వచ్చినవారు ఎంతకాలమునకు వచ్చిరి, ఇవి ప్రజలడుగదగిన ప్రశ్నలు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ఆ యధికారమును మనకిచ్చినది. పఠనమందిరములలో కూర్చుండి పత్రికలు చదువు మన పౌరులు, కిటికీ తెరుచుకొనలేదని గుమాస్తాను గద్దించుటతో తృప్తిపడక, కిటికీ వెనుక నెన్ని గదులున్నవో యడుగుట నేర్వవలెను.

స్వరాజ్యమనగా పరాయివాని గదిలో మనవాడు కూర్చుండుట మాత్రమే గాదు. ఆ గదికి వెలుపలివాని మాట చేరుటయే స్వరాజ్యము. కంప్యూటరు శాఖను నడుపు మన పెద్దలు, తెలుగువారు గాని ఇతరులు గాని, తమ గదిలోనివారిని ఒక్కమారు లెక్కించుకొందురుగాక. ప్రతివాని పేరునకెదురుగా వాని పనిని వ్రాయుదురుగాక. వ్రాయజాలని చోట ఏమి చేయవలెనో వారికే తెలియును.